ఆఖరి రోజు హాజరు

టీచరమ్మకి ఇంకో ఏడాదిలో రిటైర్మెంటు. మోకాళ్ళు మాత్రం రెండేళ్ళ కిందటే రిటైరైపోయాయి. అలాంటి మనిషి ఎనిమిది శనివారాలుగా ఆ రికార్డు ఆఫీసు మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్తోందంటే సరదాకి కాదు. నాన్న కోసం.

నాన్నకి ఎనభై ఏడు. రెండేళ్ళుగా మంచం దిగింది లేదు. ఆయన తాత, అంటే టీచరమ్మకి ముత్తాత, దొరల కాలంలో సిపాయిగా చేరి, సముద్రం దాటి, ఎవరిదో కొండ కోసం ఎవరితోనో యుద్ధానికి వెళ్ళాడు. ఆ కొండ మీద ఒక్క రోజులో దళం దళమంతా తుడిచిపెట్టుకుపోయింది. పోతే పోయాడు, వీరుడన్న పేరైనా మిగిలేది. కానీ తర్వాత ఏ పుణ్యాత్ముడో వచ్చి, మీవాణ్ణి ఫలానా రేవులో కళ్ళారా చూశాను, బతికే ఉన్నాడు అని ఒక మాట అనేసి పోయాడు. ఇంకేముంది, నిప్పు లేనిదే పొగ రాదన్నారు జనం. అప్పట్నుంచీ అది 'పారిపోయినోడి ఇల్లు'. నాన్న బళ్ళో చేరినా, పెళ్ళిచూపులకి వెళ్ళినా, ఉద్యోగంలో ప్రమోషను అడిగినా, ఆయనకంటే ముందు ఆ పేరు వెళ్ళి కూర్చునేది.

"నేను పోయేలోగా కనుక్కో తల్లీ. నిలబడ్డాడా, పారిపోయాడా, అంతే," అన్నాడు నాన్న. డాక్టరేమో ఇంకెన్నో వారాలు లేవన్నాడు.

ఆ శనివారం గుమాస్తా ఎట్టకేలకి ఆ దళం హాజరు పుస్తకం వెతికి పట్టుకొచ్చాడు. మనిషి మంచివాడే గానీ రూలంటే ప్రాణం. ఫొటోలు తియ్యకూడదు, కావాల్సింది పెన్సిలుతో సొంత నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ మాట నాలుగుసార్లు చెప్పి, పక్క గదిలో వాన కారుతోందని కాగితాల కట్టలు జరపడానికి వెళ్ళిపోయాడు.

ప్రతి పేరుకీ ఎదురుగా రోజుకో గడి, సాయంత్రం పేర్లు పిలిచి పెట్టిన గుర్తులు. ఆఖరి రోజు గడులన్నీ ఖాళీ. పిలవాల్సిన హవల్దారూ ఆ కొండ మీదే ఉండిపోయాడు మరి. టీచరమ్మ ప్రాణం ఉసూరుమంది. ఎనిమిది శనివారాలు తిరిగితే తేలింది ఇదీ!

వచ్చినందుకు ఏదో ఒకటైనా ఉండాలి కదా అని అరవై పేర్లూ నోటుబుక్కులోకి ఎక్కించింది. మూడు గంటలయ్యేసరికి మబ్బుకి గదిలో చీకటిపడింది. బీరువాల వరసలు మూడో దానికి మించి కనబడడం లేదు. తప్పులు దొర్లాయేమోనని ఒక్కో పేరూ పైకి చదివి, సరిచూసి, పక్కన టిక్కు పెట్టసాగింది. ముప్పై మూడేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? పేరు చదవగానే గొంతు దానంతటదే ఆగుతుంది, పిల్లవాడు పలకడానికి.

మొదటి మూడు పేర్లకీ వినబడిన గుసగుస వాన చప్పుడనుకుంది. నాలుగో పేరుకి మాట తెలిసింది, ఎవరో పలికారు.

"హాజరు."

గుసగుసగా... బీరువాల వెనకనుంచి.

చెయ్యి టిక్కు పెట్టేసింది కూడా. ఆ తర్వాత గానీ ఒళ్ళు ఝల్లుమనలేదు. గుమాస్తా హాస్యమాడుతున్నాడా అనుకుంది. ఆయన మొహానికి హాస్యమొకటి! నిజం చెప్పాలంటే, భయపడ్డానికి కూడా ఓపిక లేనంత అలిసిపోయి ఉందా మనిషి. ఐదో పేరు చదివింది.

"హాజరు."

వేరే గొంతు. ఇంకాస్త దగ్గరగా. తడిసిన ఉన్ని వాసన వచ్చింది. పాత తోలు వాసన. వాటి అడుగున పచ్చి నెత్తుటి వాసన...

లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. కానీ ముత్తాత పేరు నలభై ఒకటోది. ఆయన పలికితే? పలికితే నాన్నకి జవాబు దొరికినట్టే కదా. భయాన్ని ఆశ గెలిచింది.

పేరు. హాజరు. పేరు. హాజరు. బీరువాల మధ్య కాళ్ళు సర్దుకుంటున్నాయి, వరసలో నిలబడుతున్నట్టు. తలెత్తకుండా చదువుకుంటూ పోయింది.

నలభై ఒకటి.

ఎవరూ పలకలేదు.

మళ్ళీ పిలిచింది. వాన చప్పుడు ఒక్కటే. మూడోసారీ పిలిచింది. చీకట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. వాళ్ళూ ఎదురుచూస్తున్నారు...

తేలిపోయింది. జనం అన్నదే నిజం. చావుబతుకుల్లో ఉన్న నాన్నకి ఈ మాట ఏ నోటితో చెప్పాలి? టీచరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరు ఎంత బతిమాలినా, రాని పిల్లవాడికి ఒక్కరోజు హాజరు వేసి ఎరగని మనిషి, ఆ పేరు పక్కన పెన్సిలు గట్టిగా నొక్కి టిక్కు పెట్టింది.

కాళ్ళన్నీ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి.

"ఎక్కడ?" అంది ఒక గొంతు, సరిగ్గా చెవి పక్కన.

నోటుబుక్కు సంచీలో కుక్కుకుని మెట్లెలా దిగిందో ఆమెకే తెలియదు. పుస్తకం తిరిగిచ్చినట్టు సంతకం పెట్టమని గుమాస్తా వెనకనుంచి కేకేస్తూనే ఉన్నాడు. బస్సులో వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి చేరేసరికి వదిన గుమ్మంలోనే మొదలుపెట్టింది. మామగారు మూడు గంటల నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. కిటికీలు మూయమంటాడట, తనలో తనే ఏదో గొణుక్కుంటున్నాడట. చాకిరీకి విసిగిపోయిన గొంతు పాపం, కోపం కాదు.

టీచరమ్మ గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చుని నాన్న చెయ్యి పట్టుకుంది.

"దొరికింది నాన్నా. హాజరు వేసి ఉంది. మీ తాత నిలబడ్డాడు, పారిపోలేదు."

ఈ ఒక్క మాట కోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్న మనిషి. మొహంలో వెలుగు రాలేదు. తలుపు వైపొకసారి చూసి, కూతుర్ని దగ్గరికి లాక్కుని చెవిలో అడిగాడు.

"మరైతే... మూడు గంటల నుంచి ఈ మంచం కింద దాక్కుని, నన్ను పట్టివ్వకురా మనవడా అని ఏడుస్తున్నదెవరమ్మా?"

టీచరమ్మ వంగి చూడలేదు. చూడలేకపోయింది.

"ఆఁ ఆఁ, తీస్తున్నా, అలా బాదకండి," అంటూ వదిన వీధి తలుపు వైపు వెళ్తోంది. తలుపు బాదిన చప్పుడేదీ టీచరమ్మకి వినబడలేదు. మంచం అంచున వేలాడుతున్న దుప్పటిని మాత్రం కిందనుంచి ఎవరో మెల్లగా లోపలికి లాక్కున్నారు.