నీలమ్మను పిలిచిన గొంతు

జహీరాబాదు దాటి చిరాగ్‌పల్లి వైపు పోతుంటే రోడ్డుకు ఎడమ పక్కన, చెరుకు చేన్ల మధ్య ఒక పెంకుటిల్లు ఉండేది. పొద్దుగూకినాక దాని వెనక బాట మీద ఎవరూ నడిచేవాళ్లు కాదు.

బొంబాయి లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కనే కదా, భయమేమిటి అనుకుంటారు. ముందు వైపు భయం లేదు. భయమంతా వెనక కిటికీ దగ్గరే. అక్కడ చీకట్లో ఒక గొంతు వినపడేది... ఆడదో మగవాడో తెలియని గొంతు. గుసగుసగా, పేరు పెట్టి పిలిచేది.

మొగుడంపల్లి నాగప్ప ఒకసారి చెరుకు బండి తోలుకుని ఆ బాటన వచ్చాడు. కిటికీలో దీపం లేదు. గొంతు మాత్రం ఉంది—

"గుంత తవ్విన్రు... లే... కూసోబెడ్తం..."

నాగప్ప లింగాయతుల మనిషి. వాళ్లలో చనిపోయినవాళ్లను కాల్చరు. గుంత తవ్వి, అందులో కూర్చోబెట్టి, మట్టి కప్పుతారు. ఆ పిలుపు తనకే అనుకున్నాడు నాగప్ప. బండీ ఎడ్లూ అక్కడే వదిలేసి పరుగు లంకించుకున్నాడు. ఎడ్లు మాత్రం తాపీగా నడిచి ఇల్లు చేరాయి. "మా ఇంటాయనకన్న ఎడ్లు నయం" అని అతని భార్య సంగమ్మ కనపడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వింది. కానీ ఆ తర్వాత సంగమ్మ కూడా ఆ బాటన పోలేదు.

ఆ ఇంట్లో అప్పుడు మనుషులు లేక కాదు. నిండా ఉన్నారు... అందరూ మంచాన పడ్డ ముసలివాళ్లు.

హైదరాబాదు దవాఖానలో వార్డుబాయిగా చేసి వచ్చిన మాణిక్ ఆ ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. అతనూ, భార్య బాలమణీ కలిసి, ఇంట్లో చూసుకోలేని ముసలివాళ్లను నెలకింత అని తీసుకుని అక్కడ పెట్టుకునేవాళ్లు. డాక్టరు లేకపోయినా జనం దాన్ని ముసలోళ్ల దవాఖాన అనేవాళ్లు. అందులో పోయినవాళ్లే తిరిగొచ్చి, ఉన్నవాళ్లను పిలుస్తున్నారని చెప్పుకునేవాళ్లు.

ఇదంతా నాకు సుగుణమ్మ చెప్పింది. ఆమె చెప్పిన వరుసలోనే చెబుతాను. వరుస తప్పితే మళ్లీ నాకు దొరకదు.

సుగుణమ్మ జాకెట్లు కుట్టి బతికేది. అల్లం వ్యాపారి రేవణసిద్ధప్ప ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేది. వాళ్లూ లింగాయతులే. ఎనభై మూడులో రేవణసిద్ధప్ప తల్లి నీలమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కాలూ పడిపోయాయి. కోడలు సావిత్రమ్మ ఏడాది ఎత్తి దించింది. ఎత్తీ ఎత్తీ ఆమె నడుము పట్టేసింది. ఇక చేత కాదంది. అప్పుడు రేవణసిద్ధప్ప తల్లిని మాణిక్ దగ్గర చేర్చాడు.

"జర నయం గానియ్యి అవ్వా. నేనే వచ్చి తోల్కపోత" అన్నాడు.

ప్రతి సోమవారం పోయి చూసేవాడు. ఒక సోమవారం నీలమ్మ అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"సిద్ధా... రాత్రి ఎవరో వస్తున్నరురా."

"ఎవరొస్తరవ్వా? కల పడ్డదేమో."

"కల గాదు. నా పేరు పెట్టి పిలుస్తది. గుంత తవ్విన్రంటది. నోరు తెరిస్తే కూసోబెడ్తనంటది."

వెనక నుంచి బాలమణి నవ్వింది. "పొద్దుగాల తిన్నది యాదికుండదు పెద్దమ్మకు. దయ్యాలు మాత్రం మంచిగ యాదికుంటయి."

రేవణసిద్ధప్ప కూడా నవ్వాడు.

మరుసటి సోమవారం పోయేసరికి నీలమ్మ పెదవులు పగిలి, నాలుక తోలులా ఎండి ఉంది. తలాపున చెంబు నిండా నీళ్లున్నాయి. తాగించబోతే మొహం తిప్పుకుంది.

"వద్దురా. తాగితే ఒంటికొస్తది. ఒంటికొస్తే పిలవాలె. పిలిస్తే... అది ఇంటది."

ఈసారి అతనికి నవ్వు రాలేదు.

బట్టల దుకాణం మదన్‌మోహన్ దగ్గర బొంబాయి నుంచి తెచ్చుకున్న టేపురికార్డర్ ఉండేది. దాన్ని అడిగాడు.

"దయ్యం గొంతు పట్టుకుంటవా సిద్ధప్పా? పట్టుకుంటే పట్టుకున్నవ్ గని, జర ఒక పాట గూడ పాడుమను" అని మదన్‌మోహన్ ఎగతాళి చేశాడు. చేసినా, కొత్త బ్యాటరీలు వేసి ఇచ్చాడు.

దీపాలు పెట్టే వేళకు రేవణసిద్ధప్ప ఉతికిన చీరల మూటలో ఆ పెట్టెను చుట్టి తీసుకుపోయాడు. మూటను నీలమ్మ మంచం కిందికి నెట్టాడు. వంగి, తల్లి దుప్పటి సర్దుతున్నట్టు చేసి, మీట నొక్కాడు. ఆమెకు కూడా చెప్పలేదు.

మర్నాడు "మాసిన చీరలు తీస్కపోత" అని మూట మార్చుకుని వచ్చాడు. మదన్‌మోహన్ దుకాణం తలుపు సగం మూసి, ఇద్దరూ కూర్చుని విన్నారు.

మొదట లారీల హారన్లు. పళ్లేల చప్పుడు. ఎవరిదో దగ్గు. ఒక ముసలాయన "నీళ్లు... నీళ్లమ్మా..." అంటున్నాడు. నీలమ్మ శివ శివా అనుకుంటోంది. తర్వాత దీపం ఆర్పినట్టున్నారు, ఒక్కసారిగా అన్ని మాటలూ ఆగిపోయాయి.

చాలాసేపు ఏమీ లేదు... గర్రుమని టేపు తిరిగే చప్పుడే.

అప్పుడు వచ్చింది.

"రామచందర్... పాడె కట్టిన్రు... సప్పుడు చేసినవా... నలుగురొస్తరు..."

నీళ్లడిగిన ముసలాయన గొంతు మళ్లీ వినపడలేదు. గుసగుస ఒక్కో మంచం దాటుకుంటూ, ఎవరి ఆచారం వాళ్లకు చెబుతూ, దగ్గరికి వస్తోంది... ఇంకా దగ్గరికి...

"నీలమ్మా... గుంత తవ్విన్రు..."

మదన్‌మోహన్ లేచి నిలబడ్డాడు. "బంద్ చెయ్! నా దుకాణంల గిది వద్దు!"

రేవణసిద్ధప్ప అతని చెయ్యి పట్టి ఆపాడు. టేపు తిరుగుతూనే ఉంది. సర్రుమని అగ్గిపుల్ల గీసిన చప్పుడు. బీడీ దగ్గు. తర్వాత, కొంచెం దూరం నుంచి, బాలమణి గొంతు—

"అయిందా అందరికి?"

"అయింది" అన్నాడు మాణిక్. "ఇగ తెల్లారేదాక ఒక్కలు గూడ నీళ్లనరు, దొడ్డికనరు. అన్నం పెట్టు."

రేవణసిద్ధప్ప అప్పటికప్పుడు జీపు మాట్లాడుకుని పోయాడు. మాణిక్‌ను వాకిట్లోకి లాగి చెంప పగలగొట్టాడు. మాణిక్ తిరిగి కొట్టలేదు. పెదవి తుడుచుకుంటూ అన్నాడు—

"ఎవలనన్న కొట్టిన్నా సేట్? చెయ్యి లేపిన్నా? ఇంతమందికి మేమిద్దరం. రాత్రంత పిలుస్తనే ఉంటరు. భయం లేకుంటే ఒక్కలు గూడ పండుకోరు."

"నువ్వు మనిషివేనారా?" అన్నాడు రేవణసిద్ధప్ప. తల్లిని చంటిపిల్లలా ఎత్తుకుని జీపులో కూర్చోబెట్టాడు. సంగతి తెలిసి కొందరు వచ్చి తమవాళ్లను తీసుకుపోయారు. కొందరి కోసం ఎవరూ రాలేదు. వాళ్లను మాణిక్ ఎక్కడికి చేర్చాడో తెలియదు. భార్యాభర్తలిద్దరూ ఊరు విడిచి పోయారు. ఇల్లు ఖాళీ పడింది.

ఊరంతా రేవణసిద్ధప్పను మెచ్చుకుంది. కొడుకంటే అట్లుండాలన్నారు.

ఇంటికి తెచ్చిన రోజు అతను తల్లి మంచం పక్కన కింద కూర్చుని చెప్పడం సుగుణమ్మ విన్నది. "అది దయ్యం గాదవ్వా, మాణిక్‌గాడు. ఇగ ఫికర్ లేదు. ఎప్పుడు కావాల్నంటే అప్పుడు పిలువు. నేనున్న."

నీలమ్మ నమ్మింది. పిలిచింది.

అన్నాళ్లూ గొంతులో అణిచిపెట్టుకున్నదంతా బయటికి వచ్చినట్టు పిలిచింది. "సిద్ధా, నీళ్లు." "సిద్ధా, ఒంటికి." "సిద్ధా, ఆ పక్కకు తిప్పు." ఏమీ అక్కర లేకపోయినా, "సిద్ధా, ఉన్నవా?"

"ఉన్ననవ్వా."

కాసేపటికి మళ్లీ, "ఉన్నవా?"

అల్లం తవ్వే కాలం. తెల్లారకముందే రాయికోడ్ వైపు నుంచి బండ్లు వచ్చి వాకిట్లో నిలిచేవి. రేవణసిద్ధప్ప కళ్లు చింతనిప్పుల్లా అయ్యాయి. ఒకరోజు అల్లం తూచే కాంటా ముందు నిలబడే నిద్రపోయి పక్కకు ఒరిగాడు. రైతులు పట్టుకుని నవ్వారు.

"మల్ల యాడన్న పెడ్దమా?" అని సావిత్రమ్మ మెల్లగా అడిగింది. "నా నడుముతోని అయితలేదు. మీతోని గూడ అయితలేదు."

"నా బొందిల పానముండంగ అవ్వను బయట పెట్ట" అన్నాడు. అరిచినట్టే అన్నాడు. లోపలి నుంచి నీలమ్మ, "సిద్ధా, ఎవరితోనిరా?" అంది.

తర్వాత కొన్నాళ్లకు, రాత్రుళ్లు పిలుపులు తగ్గాయి. ఆ తర్వాత పూర్తిగా ఆగిపోయాయి.

గోడ ఇవతల పడుకునే సుగుణమ్మకు అది పెద్ద సుఖం. పొద్దున బావి దగ్గర సావిత్రమ్మతో అన్నది, "పెద్దమ్మకు జర నెమ్మది పడ్డట్టుంది గద వదినా? రాత్రి సప్పుడే లేదు."

సావిత్రమ్మ చేదతాడు మీదే చూపు పెట్టుకుని, "ఆఁ... పడ్డది" అంది. బిందె ఎత్తుకుని పోయింది.

ఆ రోజే సుగుణమ్మ నీలమ్మను చూడబోయింది. ముసలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పలకరిస్తే పలకలేదు. పెదవులు మళ్లీ పగిలి ఉన్నాయి.

ఆ రాత్రి దీపాలార్పిన కాసేపటికి సుగుణమ్మకు గుర్తొచ్చింది... పెరట్లో ఆరేసిన జాకెట్లు తియ్యలేదని. కందిలి వత్తి తగ్గించుకుని బయటికి వచ్చింది.

రెండడుగులు వేసి ఆగిపోయింది.

నీలమ్మ గది కిటికీ దగ్గర ఎవరో ఉన్నారు. తెల్లటి ముసుగు. తల నుంచి మడమల దాకా తెలుపు. కిటికీ చువ్వలకు మొహం ఆనించి, కదలకుండా...

ఆ చిరాగ్‌పల్లి ఇంట్లో ఉన్నది మాణిక్ ఒక్కడే కాదన్నమాట. నిజంది కూడా ఉంది. నీలమ్మ వెంబడి వచ్చింది అనుకుంది సుగుణమ్మ.

గుసగుస మొదలైంది.

"నీలమ్మా... నేను... చెన్నబసప్పను..."

చెన్నబసప్ప నీలమ్మ పెనిమిటి. పోయి ఏళ్లయింది. సుగుణమ్మ ఆయన్ను ఎరుగును. అదే యాస. పేరు చివర సాగదీయడం కూడా అదే.

"నా పక్కన జాగ చేసిన... పిలిచినవో... నీళ్లన్నవో... ఈ రాత్రే కూసోబెట్టుకుంట..."

సుగుణమ్మ చేతిలో కందిలి గోడకు తగిలి ఠంగుమంది.

ముసుగు వెనక్కి తిరిగింది. ధోవతి జారి భుజాల మీద పడింది. వెలుగు మొహం మీద పడింది.

రేవణసిద్ధప్ప.

"అన్నా..." అంది.

అతను ఉలిక్కిపడలేదు. సిగ్గుపడినట్టూ లేదు. నిద్ర లేక లోపలికి పోయిన కళ్లతో ఆమెను చూసి, మూతి మీద వేలు పెట్టుకున్నాడు. దగ్గరికి వచ్చి, చాలా మెల్లగా చెప్పాడు—

"సప్పుడు చెయ్యకు సుగుణమ్మా. మాణిక్‌గాని మాటకు ఇప్పుడు భయపడదు. నాయిన చెప్తెనే ఇంటది."

అప్పుడు కిటికీ లోపలి నుంచి, చీకట్లోంచి, నీలమ్మ గొంతు వచ్చింది. ఎండిపోయిన గొంతు. కిటికీకి మాత్రమే వినపడేంత చిన్నగా—

"పిలువనయ్యా... ఇగ పిలువ. నన్ను తీస్కపోతే తీస్కపో గని... పిల్లగాడు ఇప్పుడే పండుకున్నడు. వాన్ని భయపెట్టకు."

రేవణసిద్ధప్ప కిటికీ రెక్క నెమ్మదిగా దగ్గరికి వేసి, పడుకోవడానికి లోపలికి పోయాడు.