పద్మావతమ్మ ఇంటి పాతర

మా చిన్నమ్మ పద్మావతమ్మ ఇల్లు మంచిది కాదు. పెనుకొండకు ఇవతల మా ఊర్లో ఎవర్నన్నా అడగండి. ఆయమ్మ పోయినాక అది పాడుబడింది. పొద్దు మునిగితే ఆ సందులో కుక్క కూడా పోదు. నడవలో పాతర ఉండాది — వెనకటికి కొర్రలు, జొన్నలు పోసి దాచిన నేలగుంత. మూతి మనిషి పట్టేంత, కడుపు ఏనుగు పట్టేంత. దాంట్లో దిగిన కూలోళ్లు ఇద్దరు మళ్లీ లేయలా. లోపలుండేది గొంతు పిసుకుతాదంటారు. పేరు పెట్టి పిలుస్తాదంటారు.

నేను దెయ్యాలను నమ్మే రకం కాదు. జరిగింది జరిగినట్టు చెప్తా. లోపల జరిగింది నాగేష్ చెప్పినాడు. పైన జరిగింది నాకు తెలుసు.

నాగేష్ పద్మావతమ్మ మనమడు. వాని నాయన చెన్నకేశవులు నాకు తమ్ముడి వరస. ఆయప్ప తన పెండ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్నాడు — ఇంటి పెద్దన్నను! నలభై ఆరేండ్లయింది. అప్పట్నుంచి ఆ ఇంటోళ్లతో నాకు మాటల్లేవు.

నాగేష్‌కు ధర్మవరంలో చీరల అంగడి. పోయిన నెల ఒక సాయంత్రం, పెండ్లానికి కూడా చెప్పకుండా బండేసుకుని వచ్చినాడు. చిన్నప్పుడు అవ్వ పక్కన పండుకున్న ఇల్లు. పూర్తిగా కూలకముందు ఒకసారి చూసి, దీపం పెట్టి పోదామని.

దీపం పెట్టినాడు. వెనక్కి ఒక అడుగేసినాడు... అంతే. మన్ను కప్పిన బండ విరిగింది.

పాతరలో పడినాడు. మడమ మెలి తిరిగింది. సెల్లు పైన, బండి సంచిలో. అరిచినాడు, అరిచినాడు — గొంతు పోయింది. గోడలు లోపలికి వంగి ఉండాయి. చెయ్యి వేసేదానికి పట్టు లేదు.

కాలు నొచ్చి కూర్చున్యాడు. తల తిరిగింది. అప్పుడు అవ్వ మాట గుర్తొచ్చింది — "పాతరలోకి ముందు దీపం దించల్ల నాయనా. దీపం ఆరితే మనిషీ ఆరతాడు."

లేచి నిలబడినాడు. జేబులో అగ్గిపెట్టె ఉండాది. రొమ్ము కాడ పుల్ల గీస్తే మండింది. మోకాటి కాడికి దించినాడు... ఆరిపాయ. ఇంకొకటి గీసినాడు. అదీ ఆరిపాయ.

అడుగున చెడ్డగాలి. కూర్చుంటే చస్తాడు. నిలబడల్ల — ఒంటికాలి మీద, ఎవరో ఒకరు వచ్చేదాకా.

ఎంతసేపో... మోకాలు వంగిపోతాంది. పైన అలికిడయింది.

"నాగేషూ..."

ప్రాణం లేచొచ్చింది వానికి. నోరు తెరిచినాడు — మూసుకున్యాడు. ఆ గొంతు వాళ్ల తాతది. తాత చచ్చి ఇరవై ఏండ్లు.

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. చచ్చినోళ్లు రెండుసార్లే పిలుస్తారు. ఇదీ అవ్వ చెప్పిందే.

"నాగేషూ... ఉండావా, లేదా?"

అరచెయ్యి కొరుక్కున్యాడు. మూడోదాని కోసం కాసుకున్యాడు.

పైన పిలిచింది నేను. వాని తాత, అంటే మా చిన్నాయన గొంతే నాకొచ్చిందని ఊరంతా అంటారు. గోడకానించిన బండి చూసి, అది ఎవరిదో తెలిసి కూడా, నా అంతట నేను గడప దాకా పోయినా. గడప దాటలేదు, దాటను. లోపల దీపం వెలుగుతాంది, మనిషి పలకడు! నాయనకు తగిన కొడుకు. పలికితే ముత్యాలు రాలతాయి కాబోలు, అనుకుని తిరుక్కున్యా. ఎవర్నయినా సరే, మూడోసారి పిలిచే అలవాటు నాకు లేదు.

సందు మలుపు దాకా పోయింటా. వెనక సన్నగా, చీరుకుపోయిన అరుపు —

"ఉండా! ఈడ... పాతరలో ఉండా!"

పరిగెత్తినా, ఈ వయసులో. పక్క సందులో రమేష్‌ను లేపి, మోకు ఎత్తుకురమ్మన్యా.

"ఆ ఇంటోళ్లతో మాటల్లేవంటివే పెద్దాయనా?"

"మాటల్లేవురా, మోకుండాది. పట్టు!"

ఆ గడప నలభై ఆరేండ్లకు దాటినా. ఇద్దరం పైకి లాగినాం. వాని పెదాలు నీలంగా ఉండాయి. నా కాళ్లు పట్టుకుని ఇడవలేదు.

"పెద్దనాయనా... మూడోసారి నువ్వు పిలవకుంటే అయిపోయింటి. అప్పటికే కూలబడినా. ఆ పిలుపుకే లేచినా."

రమేష్ నీళ్లు తెచ్చిచ్చినాడు.

చెంబుడు నీళ్లు తాగినాడు. పాతర మూతి పక్క చూసినాడు. గొంతు తగ్గించినాడు.

"ఒకటి అడుగుతా... మొదటి రెండుసార్లు పైనుంచి పిలిస్తివి. మూడోసారి నా చెవి పక్కనుంచి — అంత లోపలికి ఎట్ల వంగితివి పెద్దనాయనా?"