ఐస్ ముక్క, ఇరవై ఎం.ఎల్.

ఉదయం 8.10. ల్యాబులో ఐస్ బాక్స్ మూత తీశారు. పన్నెండు ట్యూబులు ఉండాలి. పదకొండే ఉన్నాయి.

లేనిది నాలుగో బెడ్ టైలరమ్మ రక్తం. ఈ నెలలో ఇది రెండోసారి.

ఒకప్పుడు ఎస్సైగా చేసిన సెక్యూరిటీ ఆఫీసరు 8.30కి డయాలసిస్ వార్డుకు వచ్చాడు. డాక్టరమ్మ ఒక కాగితం చూపించింది. కిడ్నీలు చెడినవాళ్లలో ఒక హార్మోన్ పెరిగి ఎముకల్ని గుల్ల చేస్తుంది. మందులు వాడేవాళ్లలో అది ఎంత? డయాలసిస్‌ మీద ఎంత? కిడ్నీ మార్చాక ఎంత? మూడు గడులు. రెండో గడిలో టైలరమ్మ అంకె ఖాళీ.

"అది తెలియందే ఆపరేషన్ చెయ్యను. సోమవారం వాళ్లమ్మాయి కిడ్నీ ఇవ్వాలి."

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. బస్సు కండక్టరు. డ్యూటీ దిగి అలాగే వచ్చింది.

"మా అమ్మ ప్రాణంతో ఆడుకుంటున్నదెవరో పట్టుకోండి సార్."

అందరి చూపూ అటెండరు మీదే.

"బాక్స్ మోసింది నువ్వేనా?"

"నేనే. రక్తం మోసేవాణ్ణే గానీ తాగేవాణ్ణి కాదు సార్. ఈ మాట పడితే నా ఉద్యోగం పోతుంది."

"రక్తం ఎప్పుడు తీశారు సిస్టర్?"

"7.30కి. మెషిన్ పెట్టకముందే. తర్వాత బాక్స్ నా బల్ల మీదే ఉంది," అంది నర్సు.

ఆఫీసరు బెడ్ల దగ్గరి చార్టులు ఒక్కొక్కటే చదివాడు. ఈ రోగులకు నీళ్లు కొలతే; లోపలికి పోయే, బయటికొచ్చే ప్రతి చుక్కా అందులో రాయాలి. నాలుగో బెడ్ దగ్గర ఆగాడు.

7.50. ఐస్ ముక్క, 20 ఎం.ఎల్.

"వార్డు ఫ్రిజ్ పాడై నెలైంది. ఈ ఐస్ ఎక్కడిది?"

నర్సు తల దించుకుంది. "నాలుక పిడచకట్టుకుపోతోందని ఏడ్చింది సార్. బాక్స్ మంచం మీద పెట్టి, అందులో పైనున్న కొత్త ఐస్ ప్యాకెట్ విప్పి ఒక్క ముక్క ఇచ్చాను. పోయిన వారం కూడా."

"ఇచ్చాక?"

"చార్టు రాయడానికి అటు తిరిగాను."

టైలరమ్మ ఎడమచేయి మెషిన్‌కు కట్టేసి ఉంది. కుడిచేయి దుప్పటి కింద ఉంది.

"ఇటివ్వమ్మా," అన్నాడు మెల్లగా.

ట్యూబు బయటికొచ్చింది. వెచ్చగా ఉంది. ఇక పనికిరాదు.

"నా రక్తం నేను తీసుకుంటే దొంగతనమా బాబూ? ఆ అంకె బాగుంటే దాని కడుపు కోస్తారు. గుడ్డ కోస్తే కుట్టగలను. పిల్లను కోస్తే నేనేం కుట్టను?" అటెండరు వైపు చూడలేకపోయింది. "నీమీదికి వస్తుందనుకోలేదు నాయనా."

కూతురు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది.

"నన్ను కన్నప్పుడు నీ కడుపూ కోశారుగా. నన్నడిగే కోయించుకున్నావా?"

తల్లి కుడిచేత్తో కూతురి చెయ్యి పట్టుకుంది. కళ్లు కారుతూనే ఉన్నాయి.

"మళ్లీ ఎప్పుడు తీస్తావు సిస్టరమ్మా?"

"ఎల్లుండి. మెషిన్ పెట్టకముందు."

"తీసుకో. దాచను." చెంప తుడుచుకుంది. "ఈ నీళ్లెన్ని ఎం.ఎల్. రాస్తావు?"

నర్సు పెన్ను తీసింది. ఏమీ రాయకుండానే మూత పెట్టేసింది.