నూట పన్నెండు నాడులు

చివరిదైన పద్నాలుగో గుడారం ముందు కాత్యాయని తనిఖీ పలకను పైకెత్తి పట్టుకుంది. లోపల ఎనిమిది మంది పిల్లల మణికట్లకున్న రక్షాకంకణాలు వరసగా పలికాయి. నాడి, ఒంటివేడి, ఉనికి అన్నీ సవ్యం. ఈ వేసవి శిబిరానికి క్షేమాంకం తొంభై ఎనిమిది. ఇక ఆమె వేలిముద్ర వేయడమే మిగిలింది.

ముద్ర వేయకుండా ఏటి గట్టుకు నడిచింది. పొద్దున ఏడు మెట్లు కనిపించాయి, ఇప్పుడు మూడే. నీళ్లు ఎర్రగా, విరిగిన కొమ్మలను ఈడ్చుకుంటూ పోతున్నాయి. పలక మాత్రం నీటిమట్టం సాధారణమంటోంది. కొలమాని కోసం వెతికితే అది ఏట్లో లేదు, పైన వంటశాల గోడకు బిగించి ఉంది.

"దీన్నిక్కడ పెట్టిందెవరు?"

"నేనే," అన్నాడు శిబిరం యజమాని పేర్రాజు. "ఏట్లో ఉంటే ఊరికే కూత పెడద్దండి. కూసినప్పుడల్లా అంకం పడిపోద్ది. మీరొచ్చింది ముద్రెయ్యడానికి, ఏరు కొలవడానికి కాదు."

"పిల్లల్ని కొండెక్కించండి."

"మీ రక్షా మండలి చెప్పకుండా కంకణం కొండదారి గేటు దగ్గరికెళ్తే గేటు మూసుకుపోద్ది. ఆ రూలు మీవోళ్లు రాసిందే."

ఆమె పలకలోనే మండలిని అడిగింది. "కొలతల ప్రకారం ప్రమాదం లేదు. కంటిచూపు ఆధారం కాదు," అంది యంత్రస్వరం. మళ్లీ అడిగినా అదే జవాబు. ఈలోగా మరో మెట్టు మునిగింది.

రెండేళ్ల కిందట ఇలాంటి అంకానికే ఆమె ముద్ర వేసింది. ఆ శిబిరం నుంచి నలుగురు పిల్లలు ఇంటికి చేరలేదు. ఆమె తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. ఆ మాట ఆమెకు ఇప్పటికీ మింగుడుపడదు.

వంటశాలలోంచి కత్తెర తెచ్చింది. కంకణం తెంచితే ఏడేళ్ల జైలు.

"చేతులు చాపండర్రా!"

పేర్రాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నీ ఉద్యోగం ఊడబీకిస్తా!"

"ముందు నీ కాళ్ల దగ్గర చూసుకో."

నీళ్లు అతని చెప్పులను తాకాయి. చెయ్యి వదిలేసి జీపు వైపు పరుగెత్తాడు. ఆమె గుడారం తర్వాత గుడారంగా కంకణాలన్నీ తెంచేసింది.

కంకణాల్లేని పిల్లలు గేటుకు కనిపించలేదు; అది తెరుచుకునే ఉంది. అందరూ కొండెక్కేసరికి కింద గుడారాలు తేలుతున్నాయి.

పలక మోగింది. పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి అటునుంచి మనిషి గొంతు. "నూట పన్నెండు నాడులు ఆగిపోయాయి! అంతా పోయారా?"

"అందరూ నా ముందే ఉన్నారు."

"కంకణం లేకుండా ఎలా నమ్మమంటారు?"

కాత్యాయని పలకను పిల్లల వైపు తిప్పింది. "మీ పేర్లు గట్టిగా చెప్పండర్రా, ఒక్కొక్కరూ."

మొదటి పిల్ల చెప్పింది, ఆ పక్కవాడు చెప్పాడు. అవతల ఎవరో కంగారుగా కాగితం కోసం వెతుకుతున్న చప్పుడు వినిపించింది.