కథలో ఎద్దు లేదు

శృంగవరపుకోట బజారులో రంగనాథం పచారీ కొట్టుకు వెళ్ళి ఏది అడిగినా సరే, లేదు అన్న మాట మాత్రం మీ చెవిన పడదు. గల్లాపెట్టె ముందు ఆ మాట అనకూడదని రంగనాథం తాతగారు పెట్టిన కట్టుబాటు అది. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. నూనె అయిపోతే దారిలో ఉందంటారు. ఒకసారి ఎవడో తప్పతాగి వచ్చి ఏనుగు కావాలంటే, "సోమవారం లోడులో వస్తాది, కూకో బాబూ" అని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు గానీ లేదనలేదు.

ఆ ఇంట్లో పుట్టి, ఆ గల్లా పక్కనే పాకి, ఆ బస్తాల మీదే నిద్రపోయి పెద్దవాడయ్యాడు రంగనాథం కొడుకు భరణి. డిగ్రీ వచ్చింది, మీసం వచ్చింది, లేదు అనడం మాత్రం రాలేదు. ఆ ఒక్క లోటుతోనే, మనసుపడ్డ పిల్లను తన చేతులారా కథలో చంపేసుకున్నాడు. ఎలాగంటారా?

ఎదురుగా ఉన్నది తిరుమలరావు గిన్నెల కొట్టు. ఆయన కూతురు సింధూరి విజయనగరంలో చదువు ముగించుకుని ఆ వానాకాలం ఇంటికొచ్చింది. వచ్చిన మర్నాడే గొడుగు మడుచుకుంటూ రంగనాథం కొట్టు మెట్లెక్కి కుంకుమపువ్వు కావాలంది.

"రేపు వస్తాదండి," అన్నాడు భరణి.

మర్నాడు వచ్చింది. అదే జవాబు. ఆ మర్నాడూ వచ్చింది. కొండల మీద మొదలైన వాన బజారులోకి దిగి ఊరంతా తడిపేస్తోంది. ఆమె జడ కొసనుంచి చుక్కలు జారి కందిపప్పు బస్తాలో పడుతున్నాయి. మామూలుగా అయితే బస్తా పక్కకు లాగాలి. భరణి లాగలేదు. పప్పు ఎటు పోతే అటు పోయిందని ఆ చుక్కలనే చూస్తూ నిలబడ్డాడు.

"లేదని సెప్పీయొచ్చు కదేటి? రోజూ తడుస్తన్నాను," అంది సింధూరి.

"మా కొట్టులో ఆ మాట అనమండి."

"అంటే ఏటవుతాది?"

"తెలీదండి. ఇంతవరకూ ఎవులూ అనలేదు."

ఆమె నవ్వు దాచుకోడానికి బెల్లం దిమ్మ మీంచి చిన్న ముక్క గిల్లి నోట్లో వేసుకుంది. "అయితే రేపు వస్తాను," అని గొడుగు విప్పుకుంది.

ఇక అది ఆటయిపోయింది. ఒకరోజు నెమలి కన్ను అడిగింది. ఒకరోజు అరకు చలి పావుకిలో కట్టమంది. అన్నిటికీ "రేపు వస్తాదండి" అనడం, ఆమె బెల్లం గిల్లుకుని పోవడం. బజారులో కుర్రాళ్ళంతా తిరుమలరావును బాబాయ్ అంటారు. భరణీ అనేవాడు. సింధూరి వచ్చాక మాత్రం హఠాత్తుగా "అండీ"లోకి మారిపోయాడు. బాబాయ్ అంటే ఆయన కూతురు తనకేమవుతుందో ఆ మాత్రం తెలీదా మరి.

అలా రోజులు బెల్లంలా గడుస్తుండగా ఒక పొద్దున తిరుమలరావు గల్లా దగ్గరకొచ్చాడు.

"అబ్బాయ్, వచ్చే సోమవారం బొబ్బిలోళ్ళు మా అమ్మాయిని సూడ్డానికి వస్తన్నారు. లడ్డూలకి పంచదార, శెనగపిండి, జీడిపప్పు కావాల. శనివారం అట్టుకెళ్తాను. ఉంటాయా?"

"ఉంటాయండి."

"పెద్ద బట్టల కొట్టంట. మంచి సంబంధమేనంటావా?"

భరణి గుండె వద్దని అరిచింది. నోరు మాత్రం గల్లా ముందు పెరిగిన నోరు. "మంచి సంబంధమేనండి," అంది.

ఆయన వెళ్ళాక బస్తా మీద కూలబడి ఆలోచించాడు. సింధూరికి ఫోనులో ఒక కథల ఛానల్ ఉంది. ఎవరు కథ పంపినా ఆదివారం తన గొంతుతో చదివి వినిపిస్తుంది. నేరుగా చెప్పే ధైర్యం లేనివాడికి ఇంతకన్నా దారేముంది? రోజూ ఏదో ఒకటి అడిగే అమ్మాయి, రేపు వస్తాదనే కుర్రాడు, ఆ ఇద్దరి కథ కూర్చుని రాశాడు. చివర్లో కుర్రాడు ఏదో చెప్పబోతాడు. వాన వస్తుంది. ఇద్దరూ వానను చూస్తారు. అంతే. తెలివైన పిల్ల, అర్థం చేసుకుంటుందిలే అనుకున్నాడు.

నేరుగా పంపేసినా బాగుండేది. తల్లి కాంతానికి చదివి వినిపించాడు.

"బాగుందిరా. వాన కాడ కొంచెం సప్పగా ఉన్నాది. ఇంతసేపూ ఎవులూ ఒక ముద్ద తినలేదు. పులిహోర ఎట్టు," అంది కాంతం.

కాంతానికి తెలిసిందంటే బజారుకు తెలిసినట్టే. చింతపండుకొచ్చినవాళ్ళంతా కథ విన్నారు, విన్నవాళ్ళంతా సలహా ఇచ్చారు. పక్క పల్లె రైతు అప్పలసూరి శ్రద్ధగా విని, వాన దగ్గర ఆవలించాడు. "అక్కడ నాకు నిద్దరొచ్చీసింది, అల్లుడూ. నా తెల్లెద్దునెట్టు. దాని నడక సూస్తే ఎవులికీ నిద్దర రాదు." మూలమీద బజ్జీలమ్మే జగ్గమ్మ టీవీ సీరియళ్ళలో ఆరితేరింది. "ఆ వాన్లో పిల్లని సంపీయాల. అప్పుడుగానీ జనం గుర్తెట్టుకోరు," అంది. సెల్‌ఫోన్ల కొట్టు ధర్మేంద్ర, కథ రాయడం ఎలా అన్న వీడియోలన్నీ చూసినవాడు, కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "వాన సీన్ ఫ్లాట్‌గా ఉంది బ్రో. కాన్‌ఫ్లిక్ట్ పెట్టు. విశేషణాలు కొట్టీ. ఇష్టమని సెప్పకూడదు, సూపించాల."

ఇంకొకడైతే ఊఁ కొట్టి ఊరుకునేవాడు. భరణి ప్రతివాడికీ "అలాగేనండి" అన్నాడు, అన్నాక పెట్టాడు. అడిగిన సరుకు ఇవ్వకుండా మనిషిని వెనక్కి పంపడం వాళ్ళ వంశంలో లేదు కదా. శుక్రవారం ఆ కథను సింధూరికి పంపేశాడు.

శనివారం పొద్దున కొట్టు కిటకిటలాడుతుండగా సింధూరి ఫోను పట్టుకుని వచ్చింది. గొడుగు కూడా మడవలేదు.

"నన్నెందుకు సంపీసినావు?"

రంగనాథం చేతిలో చింతపండు తూకంలో పడకుండా కాలి మీద పడింది. కొనడానికొచ్చినవాళ్ళు కొనడం మానేశారు.

"నేను కాదండి. జగ్గమ్మత్త..."

"జగ్గమ్మ రాసిందేటి కథ?"

"సలహా ఇచ్చిందండి."

"ఆ ఎద్దు?"

"అప్పలసూరి మావదండి."

"నేను సచ్చిపోతే పేజీలకి పేజీలు ఆ ఎద్దే ఏడ్సింది. ఆ కుర్రోడు అప్పుడేం సేస్తన్నాడు?"

"పులిహోర తింటన్నాడండి. అది మా అమ్మ..."

"నేనంటే ఇష్టమైనోడు ఆ మాట సెప్పకుండా నాకు పంచదార అరకిలో ఎక్కువ తూస్తాడు. అదేటి?"

"సూపించడమండి. ధర్మేంద్ర సెప్పకూడదన్నాడు."

"ఇందులో నీదేటి మరి?"

భరణి కథంతా వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. "వానండి," అన్నాడు.

సింధూరికి నవ్వొచ్చేదే, కోపం అడ్డొచ్చి ఆగింది. "సరే, ఇది సెప్పు. కందిపప్పు అట్టుకెళ్ళినోళ్ళు ఉడకలేదని తిరిగొస్తే ఏం సేస్తావు?"

"పప్పు సూస్తానండి."

"ఈ పప్పు మానీసి గొడుగులు అమ్మంటే?"

"రేపు వస్తాయంటానండి."

ఆమె నుదురు కొట్టుకుంది. "అదే నీ రోగం. తిన్నోడికి ఉడకలేదని తెలుస్తాది. ఆ మాట ఇనాల. గొడుగుల మాట ఇనక్కర్లేదు. నీ కథ ఇన్నోళ్ళంతా ఏ కాడ ఆగినారు?"

భరణి గుర్తు చేసుకున్నాడు. అమ్మకు చప్పగా ఉన్నది వాన దగ్గర. అప్పలసూరి ఆవలించింది వాన దగ్గర. జగ్గమ్మ చంపమన్నదీ, ధర్మేంద్ర ఫ్లాట్ అన్నదీ వాన దగ్గరే.

"వాన కాడండి. అందరూ."

"అయితే ఉడకనిది అక్కడే. ఆ కుర్రోడు ఏదో సెప్పాల, సెప్పలేదు. పులిహోరెట్టినా ఎద్దునెట్టినా ఆ కన్నం పూడదు. ఏటి సెప్పాలో మాత్రం ఏ జగ్గమ్మా సెప్పలేదు, నీకే తెలియాల." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "రేపు ఆదివారం. ఎల్లుండి బొబ్బిలోళ్ళు."

మెట్లు దిగి వెళ్ళిపోయింది. బెల్లం గిల్లలేదు. అప్పుడు తెలిసింది భరణికి అది ఎంత పెద్ద కోపమో.

కూర్చుని కథలో ఏది ఉంచాలో ఏది తియ్యాలో చూసుకుంటుంటే అప్పలసూరి తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. "అల్లుడూ, రేపు ఫోన్లో నా ఎద్దు వస్తాదని ఊరంతా సెప్పీసినాను."

తాతగారు వద్దన్న మాట భరణి నోటిదాకా వచ్చింది. మింగాడు. మళ్ళీ పైకొచ్చింది. ఇక లాభం లేదని వదిలేశాడు.

"కథలో ఎద్దు లేదు, మావా."

రంగనాథం గభాలున తన తాతగారి ఫొటో వైపు చూశాడు, పడిపోలేదు కదా అని.

"దూడ?" అన్నాడు అప్పలసూరి.

"దూడా లేదు."

"పోనీ గంట సప్పుడు?"

"లేదు మావా."

పైకప్పు విరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గల్లాపెట్టె గల్లాపెట్టెలాగే ఉంది. భరణికి ఒళ్ళు తేలికైంది. సరిగ్గా అదే సమయానికి సంచులు పట్టుకుని తిరుమలరావు వచ్చాడు.

"అబ్బాయ్, లడ్డూల సరుకు కట్టీ."

"లేదండి."

తిరుమలరావు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "పంచదార?"

"లేదండి," అన్నాడు భరణి పంచదార బస్తాకు చేరగిలబడి.

"శెనగపిండి?"

"లేదండి."

"జీడిపప్పు నిన్ననే పలాస నుంచి దిగింది. నేను సూసినాను కదరా."

"సూసినారు గానీ లేదండి."

"ఎవులికి దాసినావు?"

"మీ ఇంటికేనండి." భరణి బస్తాకు ఇంకొంచెం ఆనుకున్నాడు. "బొబ్బిలోళ్ళకి లేదు. సింధూరంటే నాకిష్టం. సోమవారం మా అమ్మా నాన్నా మీ ఇంటికొస్తారు. వాళ్ళకైతే ఎంత కావాలంటే అంత ఉంటాది, మావయ్యా."

"మేమెప్పుడొస్తామన్నాంరా?" అన్నాడు రంగనాథం తెల్లబోయి.

"వస్తాం," అంది లోపలినుంచి కాంతం. ఆమె అప్పటికే ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకుంది.

తిరుమలరావు సంచులు కింద పెట్టాడు. "మొన్న మంచి సంబంధమన్నావు?"

"మొన్న నాకు లేదనడం రాదండి."

ఆయన వెనక్కి తిరిగాడు. ఎదురు మెట్ల మీద వానలో సింధూరి నిలబడి ఉంది, గొడుగు చేతిలో ఉన్నా విప్పకుండా.

"ఏటే, నీకు తెలుసేటి ఇదంతా?"

"కుంకుమపువ్వుకి రోజూ తడుస్తా ఎందుకొచ్చినాననుకున్నావు నాన్నా? మనింట్లో డబ్బా నిండా ఉన్నాది."

తిరుమలరావు కూతుర్ని చూశాడు, కుర్రాడిని చూశాడు, వాడు చేరగిలబడ్డ బస్తాను చూశాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. "బొబ్బిలోళ్ళకి ఏటని సెప్పమంటావు నన్ను?"

"లేదని సెప్పండి. మొదటిసారే కష్టం. తరవాత అలవాటైపోతాది," అన్నాడు భరణి.

ఆ సాయంత్రమే కథ మళ్ళీ రాశాడు. పులిహోర తీసేసి, అమ్మ మాట మీద బెల్లం ముక్క ఒక్కటి పెట్టాడు. ధర్మేంద్ర చెప్పిన విశేషణాలు కొన్ని నిజంగానే తాలు, అవి చెరిగేశాడు. ఇష్టమని చెప్పకూడదన్న మాటను మాత్రం ధర్మేంద్రకే వదిలేశాడు. వాన దగ్గర కుర్రాడు నోరు విప్పి చెప్పాల్సింది చెప్పాడు.

ఆదివారం కొట్టులో ఫోను గల్లా మీద నిలబెట్టి అందరూ బస్తాలెక్కి కూర్చున్నారు. సింధూరి గొంతు వినబడుతోంది. పిల్ల ఎప్పుడు చస్తుందా అని జగ్గమ్మ చీర కొంగు సిద్ధంగా పట్టుకుంది. ఎవరూ చావలేదు. వాన దగ్గరకొచ్చేసరికి ఈసారి అప్పలసూరి కూడా ఆవలించలేదు. "నువ్వంటే నాకిష్టం" అన్న చోట ఆ గొంతు ఒక్క క్షణం ఆగి, సర్దుకుని, మళ్ళీ సాగింది.

కథ అయిపోయిందనుకుని భరణి లేవబోతుంటే ఇంకొక వాక్యం వచ్చింది. అతను రాయనిది.

"అప్పుడే ఒక తెల్ల ఎద్దు, మెడలో గంట మోగుతుండగా, ఎవరినీ పట్టించుకోకుండా ఆ వీధిలోంచి వెళ్ళిపోయింది."

అప్పలసూరి బస్తా మీంచి లేచి నిలబడ్డాడు. "మనదే," అన్నాడు. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. అది చూసి జగ్గమ్మ ఏడ్చింది.

భరణి చినుకుల్లోనే వీధి దాటాడు. "ఎద్దు లేదన్నాను కదా?"

"నువ్వన్నావు. నేననలేదు," అంది సింధూరి. "అప్పలసూరి మావ పొద్దున్నుంచి నేను కథ మొదలెట్టేదాకా మా అరుగు మీదే కూకున్నాడు. ఏటీ అడగలేదు, ఊరికే కూకున్నాడు. నీ మాటలన్నీ అయినాకే పంపించాను దాన్ని. అలా వెళ్ళిపోయింది కదా, కథకేటి బరువు?"

ఆమె అరచెయ్యి చాపింది.

"కుంకుమపువ్వు వచ్చిందేటి?"

"రేపు..." అన్నాడు అలవాటుగా. ఆగాడు. ఆమె జడ కొసన ఒక చుక్క వేలాడుతూ వాళ్ళిద్దరినీ వింటోంది.

"లేదు," అన్నాడు.

"అయితే రేపు కూడా వస్తాను," అంది సింధూరి.