పదిహేను తెరలు, ఒక్క లైసెన్సు

పొద్దున ఎనిమిదింటికి శ్యామల ఇంటి ముందు గదిలోని కంప్యూటర్ సెంటర్ తలుపు తెరిచింది. పెద్దపల్లిలో ఆ సెంటర్ పెట్టి పదకొండేళ్లు. ఈ మధ్యే పాత కంప్యూటర్లు తీసేసి మూలన ఒక పెద్ద సర్వర్ పెట్టించింది. పిల్లల ముందు ఇప్పుడు పదిహేను తెరలు, కీబోర్డులు, అరచేతంత డబ్బాలు మాత్రమే ఉంటాయి. ఎవరి డెస్క్‌టాప్ వాళ్లకు కనిపిస్తుంది, నడిచేవన్నీ మాత్రం ఆ ఒక్క సర్వర్‌లోనే.

ఆ రోజు ఆన్‌లైన్ పరీక్షల కేంద్రం కోసం దరఖాస్తు నింపుతోంది. కేంద్రం వస్తే ఇక్కడి పిల్లలు కరీంనగర్ దాకా పోనక్కర్లేదు. 'అన్ని డెస్క్‌టాపులకూ ఆపరేటింగ్ సిస్టమ్ లైసెన్సు ఉందా' అన్న చోట పెన్ను ఆగింది. సర్వర్ అమ్మినతను ఒక్క లైసెన్సు చాలన్నాడు కానీ, ఎందుకో అనుమానం. 'గీ ఒక్కటి సరిపోతదా' అని పైకే అనుకుంది. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్త అనసూర్య ఆ మాట విని, పద్మను అడగరాదా అంది.

ఆ పేరుకే శ్యామల మొహం ముడుచుకుంది. పద్మలత ఆమె తోడికోడలు, ఈ ఇంటికొచ్చి రెండేళ్లు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. అంతకుముందు ఫోన్ ఆగినా, ఆధార్‌లో పేరు తప్పుపడినా వాడకట్టంతా శ్యామల దగ్గరికే వచ్చేది. మొన్న పక్కింటి ఐలవ్వ మనవరాలి కాలేజీ ఫారం పట్టుకుని, ఈ గది దాటుకుని, నేరుగా పద్మ గదిలోకి వెళ్లింది. ఆ రాత్రి శ్యామలకు అన్నం సయించలేదు.

ఎవర్నీ అడగకుండా 'ఉంది' అని రాసేసింది.

కాసేపటికి చాయ్ తెచ్చిన పద్మలత బల్ల మీది కాగితం చూసి ఆగింది.

"అక్కా, గీ ఒక్కటి సరిపోదు. నువ్వు కొన్నది సర్వర్‌కు. దాంట్ల నడిచే డెస్క్‌టాప్‌లకు వేరే లైసెన్సు గావాలె. ఎన్ని తెరల మీద వాడితే అన్ని, లేకుంటే ఎంతమంది వాడితే అంతమందికి."

పిల్లలు తలలెత్తి చూశారు. శ్యామలకు చెవులు వేడెక్కాయి.

"ఇల్లంతా నీ మాటే నడుస్తది. ఇగ నా సెంటర్ మీద గూడ పడ్డవా? నువ్వు రాకముందు గూడ నాకు కంప్యూటర్ వచ్చు పద్మా."

పద్మలత చాయ్ బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పిల్లల్ని పంపేశాక శ్యామల లైసెన్సు ఒప్పందం తెరిచింది. పద్మది తప్పని తేల్చాలన్న పట్టుదలతోనే చదవడం మొదలుపెట్టింది. అర్థంకాని మాటలు కాగితం మీద రాసుకుంటూ, వాక్యం వాక్యం రెండుసార్లు చదివింది. మధ్యాహ్నానికి అనుమానం మిగల్లేదు. పద్మ చెప్పిందే నిజం. ఆ దరఖాస్తు అలాగే వెళ్లి తనిఖీలో బయటపడితే పదకొండేళ్ల పేరు పోయేది.

తోడికోడలి గది తలుపు తట్టింది. పద్మలత కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వన్నదే నిజం," అంది శ్యామల. "నాకు అనుమానం రాక కాదు, నిన్ను అడుగుడు ఇష్టంలేక గట్ల రాసిన. అందరు నీ దగ్గరికే పోతుంటే నాకు కడుపు మండింది."

పద్మలత వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"నాకు గూడ మండుతదక్కా. బజార్ల నిన్ను మేడమ్ అని ఆపి మాట్లాడుతరు. నీ దగ్గర నేర్చుకున్న పిల్లలకు నౌకరి వస్తే మిఠాయి తెస్తరు. నేను పొద్దుందాక గీ గదిల ఏం చేస్తనో మీ మరిదికి గూడ ఎర్కలేదు."

శ్యామల ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. ఇద్దరికీ కళ్లు నిండాయి. కొంతసేపటికి పద్మలతే దారి చెప్పింది. టైపింగ్ నేర్చుకునేవాళ్లకు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ చాలు. ముందు ఐదు తెరలకు లైసెన్సు తీసుకుని, మిగతావి మెల్లగా చేర్చుకోవచ్చు. అన్ని తెరలకూ లైసెన్సు ఉంటేనే ఇస్తారు కాబట్టి, పరీక్షల కేంద్రం ఈ ఏడాదికి లేనట్టే. శ్యామల దరఖాస్తును తన చేత్తోనే చింపేసింది.

సాయంత్రం అత్త, ఫారం పంపినవా అని అడిగింది.

"లేదత్తమ్మా. తప్పు రాసిన. పద్మ జెప్పకుంటే ఆగమైతుంటి."

"నేను పొద్దుగాలనే అంటి, పద్మకు అన్ని ఎర్కనే," అంది అనసూర్య సంబరంగా.

శ్యామల గుండెలో పాత మంట మళ్లీ చురుక్కుమంది. కానీ ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు. వంటింటి గుమ్మంలో ఇబ్బందిగా తల దించుకుని నిలబడ్డ పద్మలతను చూసి, "రేపు పొద్దుగాల క్లాస్‌కు రా," అంది. "గీ లైసెన్సుల సంగతి పిల్లలకు నువ్వే చెప్పాలె. నేను గూడ ముందల కూసుంట."