కదిలేది ఇల్లు కాదు

ఉదయం ఏడూ పదికి కాకినాడ నగరం వరసగా నాలుగోరోజు ఆగిపోయింది.

ఎవరూ కంగారు పడలేదు. రోడ్ల మీద ఉన్నవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయారు. కళ్లకు అంటించుకున్న కనుపొరల్లో, కాళ్ల ముందు పచ్చగా మెరిసే దారిగీత మాయమైంది. అది లేకపోతే కుడికి తిరగాలో ఎడమకు తిరగాలో చెప్పగలిగిన మనిషి ఊళ్లో లేడు. వీధుల పేర్లు రాసిన బోర్డులు తీసేసి పాతికేళ్లయింది. నడిపేవాడు లేని బండ్లు వరసగా ఆగాయి. పదకొండు నిమిషాలకు గీత తిరిగొచ్చింది. జనం ఆగిన అడుగు నుంచే నడక సాగించారు.

ఆ పదకొండు నిమిషాలూ పటశాల మూడో అంతస్తులో హంసిని తెర ముందు నుంచి లేవలేదు. జిల్లాలో మనుషులకూ బండ్లకూ పడవలకూ దారి చూపే జాడపటం బాగోగులు చూసేది అక్కడే. పటంలో లోపం ఎక్కడుందో వెతికి, దాన్ని సరిచేసే ఆజ్ఞలు కొన్ని పంక్తుల్లో రాసి పటానికి అతికించడం ఆమె పని. వాటిని వాళ్లు అతుకులంటారు. ఎనిమిదేళ్లలో ఆమె వేసిన అతుకు ఒక్కటీ ఊడిరాలేదని పేరు.

"దొరికిందా అమ్మా?" వెనక నిలబడి అడిగారు విభాగాధిపతి రామభద్రం గారు.

"దొరికిందండి. జలగూడెం."

నగరానికి ఉత్తరాన ఒడ్డును సముద్రం తినేశాక, అక్కడి మత్స్యకారులు తెప్పల మీద ముప్పైఆరు ఇళ్లు కట్టుకున్నారు. పొద్దున పిల్లల్ని బడిపడవ ఎక్కించి పంపగానే తాళ్లు విప్పి, చేప ఎటుంటే అటు ఇళ్లతో సహా జరుగుతారు. నాలుగు రోజులుగా గాలి మారి మరీ దూరం వెళ్తున్నారు. పటానికి ఒకే ఇల్లు రెండుచోట్ల కనబడుతోంది. ఏది నిజమో తేల్చుకోలేక అదే లెక్కలో తిరిగి తిరిగి కుప్పకూలుతోంది.

"మూలం నుంచి సరిచేయాలంటే నెల పడుతుందండి," అంది హంసిని.

"నెలరోజులు ఊరంతా వీధిలో నిలబడాలా? ప్రస్తుతానికి ఒక అతుకు వేసెయ్. తర్వాత తీరిగ్గా చూద్దాం."

ఆరు పంక్తులు రాసింది. రోజులో వంద గజాలకు మించి కదిలేదాన్ని ఇల్లుగా లెక్కించవద్దు. అంతే వాటి సారం. గడిచిన రోజుల లెక్కల మీద నడిపి చూస్తే పటం ఒక్కసారీ కూలలేదు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు అతికించింది. మంగళవారం ఉదయం ఎవరూ ఆగలేదు. రామభద్రం గారు పటశాలకంతా కాజాలు తెప్పించారు.

బుధవారం కింద నుంచి కబురొచ్చింది. గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది, చిరునామా లేని మనిషి కనక తలుపు తెరుచుకోవడం లేదు అని. హంసిని దిగి వెళ్లింది. ముప్పైఐదేళ్లుంటాయి ఆమెకు. పాదాలు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

"నా పేరు మైలపల్లి నూకరత్నం అండి. మాది జలగూడెం. మా పిల్లలు పదకొండు మంది బడి నుంచి రాలేదండి."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచండి. బడిలో అడిగితే పడవెక్కించామన్నారు. పడవనడిగితే ఇల్లు చేర్చేశానంటాది. పోలీసులకి ఫిర్యాదు పెడదామంటే అక్కడి యంత్రం చిరునామా అడుగుతాది, చెబితే అక్కడ ఇళ్లే లేవంటాది. మా మగాళ్లు రేవులన్నీ గాలిస్తున్నారండి. పడవకి దారి చెప్పేది ఇక్కడ్నుంచేనని ఎవరో అంటే, నిన్న పొద్దున బయల్దేరి నడిచొచ్చాను. దారిగీత రావట్లేదండి నాకు. అడిగినోళ్లకేమో దారి చెప్పడం రాదు."

సోమవారం. అతుకు వేసిన రోజు. హంసిని ఆమెను వెంటబెట్టుకుని మెట్లెక్కింది.

పడవ చిట్టా తెరిచింది. సోమవారం, నాలుగూ పది. పిల్లలు పదకొండు మంది. చేర్చవలసిన ఇల్లు: లేదు. ఇల్లు లేని పిల్లలు కనబడితే వీధిన వదిలేయకూడదని ఏనాడో ఎవరో మంచి మనసుతో రాసిన నియమం ఒకటుంది. పడవ వాళ్లను రేవులో దింపింది. అక్కడ సిద్ధంగా ఉన్న బండి, నూరు కిలోమీటర్ల అవతలి అనాథ పిల్లల ఆశ్రయానికి తీసుకెళ్లింది. 'క్షేమంగా ఇల్లు చేరారు' అని చిట్టా ముగిసింది. ప్రతి యంత్రమూ తన పని తాను సరిగ్గానే చేసింది. అందుకే ఎక్కడా గంట మోగలేదు.

"పిల్లలు క్షేమంగానే ఉన్నారమ్మా," అంది ముందు. తర్వాత, "ఇది నేను చేసిన పనే," అంది.

నూకరత్నం ఆమెను వింతగా చూసింది. "మీరెందుకు చేస్తారండి? మేమెవరమో మీకు తెలీదు కదా."

"తెలీదు. తెలుసుకోలేదు."

అతుకు తీసేస్తే రేపు ఊరు మళ్లీ ఆగిపోతుందన్నారు రామభద్రం గారు. ఆగనివ్వండి అని హంసిని, ఆయన చూస్తుండగానే తీసేసింది.

ఇద్దరూ ఆశ్రయం చేరేసరికి సాయంత్రమైంది. అంతా శుభ్రంగా ఉంది. పిల్లలు ఉతికిన బట్టల్లో బల్లల ముందు కూర్చుని అన్నం తింటున్నారు. ఆయా మర్యాదస్తురాలు. "మాకు ఇళ్లున్నాయి, నీళ్ల మీద ఉంటాయి అని మొదటిరోజు బాగా ఏడ్చారండి. పటంలో చూపించాం. లేవు కదా మరి. నిన్నటి నుంచి ఏడవడం లేదు."

నూకరత్నం కూతురు సత్యవేణికి ఏడేళ్లు. తల్లిని చూసి లేచి నిలబడింది గానీ పరుగెత్తుకు రాలేదు.

"మనకి ఇల్లు లేదంటగా అమ్మా," అంది. "మరి నువ్వెక్కడుంటున్నావు?"

నూకరత్నం వెళ్లి పిల్లను ఎత్తుకుంది. హంసిని గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

పటాన్ని మూలం నుంచి సరిచేయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్లూ ఊరు రోజూ ఆగింది, హంసిని విచారణకూ హాజరైంది. ఇప్పుడు జాడపటంలో కదిలే ఇల్లు కూడా ఇల్లే. సరిగ్గా ఉందో లేదో కళ్లారా చూద్దామని ఒక ఉదయం ఆమె పడవ కట్టించుకుని జలగూడెం వెళ్లింది.

ఆమె కళ్ల ముందే బడిపడవ వచ్చింది. ఆ రోజు గూడెం ఎక్కడుందో అక్కడికే సూటిగా వచ్చి, తలుపులు తెరిచి పదకొండు పేర్లూ పిలిచింది. ఏ ఇంట్లోంచీ ఎవరూ రాలేదు.

నూకరత్నం తెప్ప మీద కూర్చుని వల బాగుచేస్తోంది. సత్యవేణి పక్కనే దారం అందిస్తోంది.

"పటం సరిచేశానమ్మా. ఇంక దారి తప్పదు," అంది హంసిని.

"తెలుసండి. రోజూ మా గుమ్మం ముందే ఆగుతాది."

"మరి పిల్లల్ని పంపడం లేదేం?"

నూకరత్నం వల మీంచి తలెత్తలేదు. "పడవనేం అనడం లేదండి. మా పిల్లలు ఏడ్చి ఏడ్చి చెప్పినా, మాకు ఇల్లుందంటే ఒడ్డు మీద ఒక్క మనిషీ నమ్మలేదు. ఆ మనుషుల దగ్గరికి ఎలా పంపనండి?"

బడిపడవ పది నిమిషాలు ఆగి, పేర్లు మరోసారి పిలిచి, తలుపులు మూసుకుని ఖాళీగా ఒడ్డువైపు వెళ్లిపోయింది.